ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తుండగా సెలీనియం మాత్రలు వెయ్యొచ్చా? సెలీనోప్రోటీన్లు మంచివా, చెడ్డవా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అక్కగారికి ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్, హెర్2 ప్రోటీన్ ఈ మూడూ కనబడని రకం. ఆపరేషన్‌కి ముందే కీమో మొదలుపెట్టారు, రెండు సైకిల్స్ అయ్యాయి. బంధువొకరు అమెరికా నుంచి 200 మైక్రోగ్రాముల సెలీనియం మాత్రల డబ్బా తెచ్చిచ్చారు. నెట్‌లో చూస్తే ఒకచోట సెలీనోప్రోటీన్లు, అంటే సెలీనియం అనే ఖనిజం ఉండే ప్రోటీన్లు, క్యాన్సర్‌ని అడ్డుకుంటాయని ఉంది, ఇంకోచోట క్యాన్సర్ కణాన్ని కాపాడేవే అవి అని ఉంది. ఏది నిజం, మాత్రలు వెయ్యాలా వద్దా అన్నది మీ టెన్షన్. చివర్లో బ్రెజిల్ నట్స్ సంగతి కూడా అడిగారు.

మాత్రల మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కిందిదంతా చదివే ఓపిక మీకు ఈ రోజుల్లో ఉండకపోవచ్చు. ఆ డబ్బా మూత ఇప్పుడే తియ్యకండి. అక్కగారి ఆంకాలజిస్ట్‌కి డబ్బా చూపించండి, రక్తంలో సెలీనియం ఎంతుందో పరీక్ష చేయించమని అడగండి. తక్కువని తేలి, డాక్టర్ వెయ్యమంటే అప్పుడు వెయ్యండి. నేను డాక్టర్ని కాను. బయోకెమిస్ట్రీ చదివి, పధ్నాలుగేళ్ళు ల్యాబ్‌లో రొమ్ము క్యాన్సర్ కణాలు పెంచినవాణ్ణి. కాబట్టి మందు రాయలేను గానీ, నెట్‌లో మీకు దొరికిన ఆ రెండు మాటలూ ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పగలను. ఒకటి చెప్తే మీరు ఆశ్చర్యపోతారు, రెండూ నిజమే.

తిన్న సెలీనియం ఒంట్లో చేసే పని దాదాపు అంతా ప్రోటీన్లలోకి చేరాకే చేస్తుంది. మనిషిలో సెలీనోప్రోటీన్లు తయారుచేసే జన్యువులు 25 ఉన్నాయి. 2003లో మానవ జన్యుక్రమాన్ని గాలించి ఈ లెక్క తేల్చారు. వీటన్నిటిలో సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కాలేజీలో మనకి 20 అమైనో ఆమ్లాలే చెప్పారు కదా, ఇది 21వది. మామూలు సిస్టీన్‌లో గంధకం ఉండే చోట దీనిలో సెలీనియం ఉంటుంది. తేడా ఆ ఒక్క పరమాణువే అయినా రసాయనికంగా ఇది చాలా చురుకైనది.

ఇది ప్రోటీన్‌లోకి చేరే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. జన్యు సందేశంలో యూజీఏ అనే మూడక్షరాలు వస్తే రైబోజోమ్‌కి మామూలుగా ‘ఇక ఆపు’ అని అర్థం. సెలీనోప్రోటీన్ల సందేశంలో మాత్రం తోక దగ్గర ఆర్‌ఎన్‌ఏ ఒక ముడిలా మడత పడి ఉంటుంది. ఆ ముడి ఉన్నందువల్ల రైబోజోమ్ యూజీఏ దగ్గర ఆగకుండా సెలీనోసిస్టీన్‌ని పెట్టి ముందుకు పోతుంది. ఒంట్లో సెలీనియం చాలకపోతే అక్కడే ఆగిపోతుంది, సగంలో తెగిన ప్రోటీన్ చెత్తలోకి పోతుంది.

సెలీనియం తక్కువైనప్పుడు అన్ని ప్రోటీన్లకీ సమానంగా కోత పడదు. రేషన్ లాంటి పద్ధతి ఒకటి నడుస్తుంది. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్-1, అంటే జీపీఎక్స్-1 కోటా ముందు తెగుతుంది. జీపీఎక్స్-4 కోటాని మాత్రం కణం ఆఖరిదాకా కాపాడుకుంటుంది. ఈ జీపీఎక్స్-4 పేరు గుర్తుపెట్టుకోండి, మీ అక్కగారి రకం క్యాన్సర్‌లో కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

వేరుశనగ పప్పు డబ్బాలో మర్చిపోతే కొన్ని నెలలకి నూనె చెడి కంపు కొడుతుంది. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలకి ఆక్సిజన్ తగిలి, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటూ పోవడమే దానికి కారణం. మన కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతోనే తయారైంది, దానికీ అదే ప్రమాదం ఉంది. పైగా లోపల ఇనుము ఉంటే ఆ మంట ఇంకా త్వరగా రాజుకుంటుంది. ఇలా పొర చెడి కణం చచ్చిపోవడాన్ని ఫెరోప్టోసిస్ అంటారు. ఈ పేరు పెట్టింది 2012లో, కొలంబియా యూనివర్సిటీలో బ్రెంట్ స్టాక్‌వెల్ ల్యాబ్‌వాళ్ళు. పొరలో చెడిన కొవ్వుని ఎప్పటికప్పుడు బాగుచేసే ఎంజైమ్ జీపీఎక్స్-4. దాన్ని ఆపితే కణం ఫెరోప్టోసిస్‌తో చస్తుందని రెండేళ్ళ తర్వాత, 2014లో, చూపించారు.

ఇప్పుడు ఆ రెండు మాటల దగ్గరికి వద్దాం.

ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణంలో ఈ ప్రోటీన్లు డీఎన్ఏని, పొరల్ని ఆక్సీకరణ నుంచి కాపాడతాయి. డీఎన్ఏ దెబ్బతినడం తగ్గితే క్యాన్సర్ పుట్టే అవకాశమూ తగ్గాలి. ‘అడ్డుకుంటాయి’ అన్న మాట ఇక్కడిది. మొదట్లో జీపీఎక్స్-1 మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. దాని జన్యువు 3వ క్రోమోజోమ్ పొట్టి చెయ్యి మీద ఉంటుంది. రొమ్ము కణితుల్లో ఆ భాగం ఒక కాపీ ఊడిపోవడం తరచు కనిపించింది. ఆ జన్యువులోనే 198వ స్థానంలో ప్రోలిన్‌కి బదులు ల్యూసిన్ ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువని కొన్ని తొలి అధ్యయనాలు అన్నాయి. తర్వాత ఎక్కువమందిని చూసినప్పుడు ఆ సంబంధం నిలకడగా కనబడలేదు. అందుకని ఎవరైనా ‘జీపీఎక్స్-1 జీన్ టెస్ట్’ చేస్తామంటే ఆ డబ్బులు అక్కగారి బలవర్ధకమైన భోజనానికి ఖర్చుపెట్టండి.

ఇంకో ప్రోటీన్ పేరు సెలీనోఎఫ్, పాత పేరు సెప్15. కొత్తగా తయారైన ప్రోటీన్లు సరిగ్గా మడతపడ్డాయో లేదో చూసే చోట ఇది ఉంటుంది. రొమ్ము కణితుల్లో ఇది తగ్గిపోయి కనిపిస్తోంది. ల్యాబ్‌లో దీన్ని పెంచితే రొమ్ము క్యాన్సర్ కణాల దూకుడు తగ్గింది. విచిత్రం ఏమిటంటే, ఇదే ప్రోటీన్ లేకుండా చేసిన ఎలుకల్లో పెద్దపేగులో క్యాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు తక్కువగా వచ్చాయి. రొమ్ములో మేలు చేసేది పేగులో అలా చెయ్యలేదు. ‘సెలీనోప్రోటీన్లు మంచివి’ అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్ళని చూస్తే నాకు చిరాకు అందుకే.

కణితి పుట్టేశాక లెక్క మారుతుంది. క్యాన్సర్ కణం మామూలు కణంకంటే ఎక్కువ ఆక్సీకరణ ఒత్తిడిలో ఉంటుంది. అది వేగంగా పెరుగుతుంది, ఇనుము ఎక్కువ లాక్కుంటుంది. పైనుంచి కీమో దెబ్బ ఒకటి. అలాంటప్పుడు దానికి జీపీఎక్స్-4 ప్రాణాధారం అవుతుంది. మన సొంత కణాన్ని కాపాడే కాపలాదారే దొంగ ఇంటికీ కాపలా కాస్తాడన్నమాట. ‘కాపాడేవే అవి’ అన్న మాట ఇక్కడిది.

ఇది నా చేతుల మీదుగా చూసిందే. ల్యాబ్‌లో మేం వాడే రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎంసీఎఫ్-7 అనేది ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్న రకం, ఎండీఏ-ఎంబీ-231 అనేది ట్రిపుల్ నెగెటివ్ రకం. రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి జీపీఎక్స్-4ని ఆపే ఆర్‌ఎస్‌ఎల్3 అనే రసాయనం వేస్తాం. మర్నాడు పొద్దున మైక్రోస్కోప్ కింద చూస్తే ఎంసీఎఫ్-7 ప్లేటు దాదాపు మామూలుగానే ఉంటుంది. రెండో ప్లేటులో మాత్రం పొడుగ్గా చేపల్లా ఉండాల్సిన కణాలు గుండ్రంగా ఉబ్బి, బుడగల్లా తేలిపోతుంటాయి. అదే ప్లేటులో ముందే విటమిన్ ఇ కొంచెం వేసి ఉంటే ఏమీ కానట్టు అతుక్కునే ఉంటాయి. ట్రిపుల్ నెగెటివ్ కణాల పొరల్లో త్వరగా చెడిపోయే రకం కొవ్వు ఎక్కువ. ఏసీఎస్ఎల్4 అనే ఎంజైమ్ ఆ కొవ్వుని పొరలోకి చేరుస్తుంది, ఈ రకంలో ఆ ఎంజైమ్ ఎక్కువ. అందుకే వీటికి జీపీఎక్స్-4 అవసరం అంత ఎక్కువ.

ఒకసారి మూడు నెలలు మా ఫలితాలు అడ్డదిడ్డంగా వచ్చాయి. నిన్నటిదాకా చచ్చిన కణాలు అదే మోతాదుకి చావడం మానేశాయి. నేను మా జూనియర్ పిల్ల పనితీరుని అనుమానించాను, పాపం. ఆఖరికి తేలిందేమిటంటే, కణాలకి మేతగా వేసే దూడ సీరం (రక్తంలోని నీటి భాగం) కొత్త బ్యాచ్ వచ్చింది, దానిలో సెలీనియం పాతదానికంటే ఎక్కువ ఉంది. ఆ కాస్త సెలీనియంతో కణాలు జీపీఎక్స్-4 బాగా తయారుచేసుకుని మందుని తట్టుకున్నాయి. ఆ పిల్లకి సారీ చెప్పి, అప్పట్నుంచి సీరం బ్యాచ్ నంబర్ నోట్‌బుక్‌లో మొదటి లైన్‌లో రాయడం అలవాటు చేసుకున్నాం. మీ డబ్బా గురించి చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ సీరమే.

ప్లేటులో కణం వేరు, మనిషి వేరు, ఒప్పుకుంటాను. కానీ ఎలుకల్లోనూ ఇదే దారి కనిపిస్తోంది. 2024లో గ్లాస్గో నుంచి వచ్చిన పరిశోధనలో ట్రిపుల్ నెగెటివ్ కణాలు ఊపిరితిత్తులకి పాకడానికి సెలీనోప్రోటీన్ల తయారీ మీద ఆధారపడుతున్నాయని చూపించారు. కణితిలో గుంపుగా ఉన్నప్పుడు కణాలు ఒకదానికొకటి కాపాడుకునే కొవ్వులు వదులుతాయి, సెలీనియం తక్కువైనా నెట్టుకొస్తాయి. గుంపు విడిచి ఒంటరిగా రక్తంలోకి దిగినప్పుడే జీపీఎక్స్-4 లేకపోతే కష్టం. అంతకుముందు 2017లో వచ్చిన ఇంకో పని కూడా గుర్తుంచుకోదగ్గది. మందు వేశాక చావకుండా మిగిలిపోయి, తర్వాత తిరగబెట్టడానికి కారణమయ్యే మొండి కణాలు కొన్ని ఉంటాయి. హెర్2 రకం రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈ మొండివాళ్ళని పరీక్షిస్తే, వాళ్ళ ప్రాణం జీపీఎక్స్-4లో ఉందని బయటపడింది.

మరి జీపీఎక్స్-4ని ఆపే మందు ఇవ్వొచ్చు కదా అని మీరు అడగొచ్చు. మనుషుల్లో వాడటానికి అనుమతి ఉన్న అలాంటి మందు ఇంకా లేదు. ఎదిగిన ఎలుకల్లో ఆ జన్యువుని తీసేస్తే మూత్రపిండాలు పాడై చనిపోయాయి. క్యాన్సర్‌తో పోరాడే టీ-కణాలకి కూడా అదే ప్రోటీన్ కావాలి. కణితికే గురిపెట్టి ఆపే దారి కోసం ఇంకా వెతుకుతున్నారు. థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ఇంకో సెలీనోప్రోటీన్ ఉంది, డీఎన్ఏ ముడిసరుకు తయారీకి అది సాయం చేస్తుంది. కీళ్ళవాతానికి వాడే ఆరానోఫిన్ అనే బంగారం మందు దాన్ని ఆపుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో అది కూడా పరిశోధన దశలోనే ఉంది.

ఇంతవరకు చదివి ‘అయితే అక్కకి సెలీనియం అస్సలు తగలనివ్వకూడదు’ అనుకుంటున్నారేమో, అదీ తప్పే. మనుషుల్లో చూసిన లెక్కలు ఇంకో వైపు లాగుతాయి.

స్వీడన్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 1,996 మంది రక్తాన్ని నిర్ధారణ సమయంలోనే పరీక్షించి, ఏళ్ళ తరబడి గమనించారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. మూడు కొలిచారు: సీరంలో మొత్తం సెలీనియం, లివర్ తయారుచేసి ఒళ్ళంతా సెలీనియం మోసుకెళ్ళే సెలీనోప్రోటీన్-పి, కిడ్నీ నుంచి వచ్చే జీపీఎక్స్-3. మూడూ అట్టడుగున ఉన్నవాళ్ళలో ఎనిమిదేళ్ళకి బతికున్నవాళ్ళు సగం మందే. ఏదో ఒకటైనా పై స్థాయిలో ఉన్నవాళ్ళలో పదిమందికి తొమ్మిది మంది ఉన్నారు. పోలండ్‌లో చేసిన పరిశీలనలో కూడా రక్తంలో సెలీనియం బాగా తక్కువ ఉన్నవాళ్ళే ముందు చనిపోయారు.

ఇక్కడ తొందరపడకూడదు. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్), జబ్బు తీవ్రత, తిండి సరిగ్గా తినకపోవడం, వయసు, ఇవన్నీ రక్తంలో సెలీనియంని కిందికి లాగుతాయి. తక్కువ ఉండటంవల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదరడంవల్ల తగ్గిందా అనేది ఇలాంటి అధ్యయనం తేల్చలేదు. తక్కువున్నవాళ్ళకి మాత్ర ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని రుజువు చేసే పని కూడా అది కాదు. నా వరకు నేను తీసుకునే అర్థం ఇంతే: లోటు ఉంటే దాన్ని మామూలు స్థాయికి తేవడంలో న్యాయం ఉంది. లోటు లేనివాళ్ళకి ఇంకా పోయడంలో లేదు.

పోసి చూశారు కూడా. 1996లో అమెరికాలో లారీ క్లార్క్ బృందం 1,312 మందికి రోజుకి 200 మైక్రోగ్రాములు ఇచ్చిన పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. చర్మ క్యాన్సర్ తగ్గుతుందేమో అని మొదలుపెట్టారు. అది తగ్గలేదు గానీ ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గినట్టు కనబడింది. మీ బంధువుగారి డబ్బా మీద ఉన్న 200 అంకె వాడుకలోకి రావడంలో ఆ పరీక్షకి పెద్ద పాత్రే ఉంది. దానిలో నాలుగింట మూడొంతులు మగవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ గురించి అది ఏమీ చెప్పలేదు. ఆ ఆశతోనే 2001లో 35 వేలకి పైగా మగవాళ్ళతో ఇంకా పెద్ద పరీక్ష పెట్టారు. ప్రోస్టేట్‌కి కూడా లాభం లేదని 2008లో ఆపేశారు. క్లార్క్ పరీక్షలో పాల్గొన్నవాళ్ళనే తర్వాత చూస్తే, మొదట్లోనే సెలీనియం ఎక్కువున్నవాళ్ళలో మాత్ర వేసుకున్నాక షుగర్ వ్యాధి ఎక్కువగా వచ్చింది. ఫిన్లాండ్‌లో 1980ల నడిమి నుంచి ఎరువుల్లోనే సెలీనియం కలుపుతున్నారు. జనం రక్తంలో అది బాగా పెరిగింది, రొమ్ము క్యాన్సర్ కేసులు మాత్రం తగ్గలేదు.

‘సెలీనియం క్యాన్సర్ కణాల్ని చంపేసింది’ అని మీరు పంపిన లింకు కూడా చూశాను. అది సోడియం సెలినైట్‌ని మామూలు అవసరానికి వందల రెట్లు ప్లేటులో పోసిన ప్రయోగం. కణాలు బతకడానికి మేం వేసేది నానోమోలార్లలో, వాళ్ళు వేసింది మైక్రోమోలార్లలో, అది వెయ్యి రెట్లు పెద్ద కొలత. అంత పోస్తే సెలీనియమే విషం, ఏ కణమైనా చస్తుంది. సెలీనోప్రోటీన్లకీ దానికీ సంబంధం లేదు. ఆ మోతాదు ఇంట్లో మాత్రలతో వేసుకునేది కాదు.

మీరు చెయ్యగలిగిన పని ఇప్పుడు చెప్తాను. ఇంట్లో అక్కగారు వేసుకుంటున్న మల్టీవిటమిన్ స్ట్రిప్ వెనక్కి తిప్పండి. సోడియం సెలినేట్ అనో, ఎల్-సెలీనోమెథియోనైన్ అనో ఉంటే పక్కన ఎంసీజీలో (మైక్రోగ్రాముల్లో) అంకె ఉంటుంది, రాసుకోండి. చాలామంది ఇలాంటివి రెండు మూడు కలిపి వేసుకుంటూ, ఒక్కోదానిలో సెలీనియం ఉందన్న సంగతి గమనించరు. మన జాతీయ పోషకాహార సంస్థ, అదే హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్, పెద్దవాళ్ళకి రోజుకి 40 మైక్రోగ్రాములు చాలంటుంది. అమెరికాలో 55. దాటకూడని గీత అమెరికాలో 400 అని పెట్టుకున్నారు, యూరప్‌లో 2023లో దాన్ని 255కి దించారు. తిండి, మల్టీవిటమిన్, ఈ 200 మాత్ర కలిపితే ఆ గీత దగ్గరికి ఎంత తేలిగ్గా పోతామో మీరే కూడి చూడండి.

రక్తపరీక్ష రిపోర్ట్ వచ్చాక లీటరుకి సుమారు 120 మైక్రోగ్రాములు ఉందంటే సెలీనోప్రోటీన్-పి నిండుగా తయారవుతున్నట్టే, ఇంకా పోసినా అది పెరగదు. బాగా తక్కువ ఉంటే డాక్టర్‌తో మాట్లాడండి, కీమో సైకిల్స్ మధ్య ఎప్పుడు, ఎంత ఇవ్వాలో ఆయన చూసుకుంటారు. కీమో అయిన వారంలోనో, జ్వరం ఉన్నప్పుడో తీసిన శాంపిల్‌ని నమ్మకండి. ఇంకొక్క సంగతి. 2020లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ రోగుల మీద వచ్చిన ఒక పరిశీలనలో, కీమోకి ముందూ కీమో జరుగుతుండగానూ యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉన్నట్టు సూచనలు కనిపించాయి. అందులో చూసినవి విటమిన్ ఎ, సి, ఇ లాంటివి. గట్టి రుజువు కాదు. అయినా నా ప్లేటులో విటమిన్ ఇ ఏం చేసిందో చూశాక నేను ఆ సూచనని తేలిగ్గా తీసుకోలేను.

తిండి గురించి భయపడొద్దు. ఒక కోడిగుడ్డులో 15 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. చేప, చికెన్ మంచి వనరులు. పంట ఏ మట్టిలో పండిందన్నదాన్ని బట్టి ధాన్యంలో సెలీనియం మారుతుంది. పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల మట్టిలో కొన్నిచోట్ల సెలీనియం ఎంత ఎక్కువంటే అక్కడ మేసిన పశువులకి గిట్టలు ఊడిపోయిన సందర్భాలున్నాయి. గుడ్డు తినే అక్కగారికి రోజుకి రెండు గుడ్లు, వారంలో రెండుసార్లు చేప పెట్టండి. ఎలాగూ కీమోలో ప్రోటీన్ కావాలి, నోరు పూసిపోయి తినలేకపోతుంటే గుడ్డు మెత్తగా పొరటులా చేసి ఇవ్వండి.

బ్రెజిల్ నట్స్ విషయానికొస్తే, ఒక్క గింజలోనే 50 నుంచి 90 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. ఏ గింజలో ఎంతుందో పైకి చూసి చెప్పలేం. రోజూ గుప్పెడు తిని జుట్టు రాలి, గోళ్ళు పెళుసుబారి, ఊపిరిలో వెల్లుల్లి వాసనతో డాక్టర్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళుంటారు. కీమోలో ఉన్న మనిషికి జుట్టు రాలితే అది దేనివల్లో కూడా తెలియదు. రిపోర్ట్ వచ్చేదాకా అవి కొనకండి. వచ్చాక అంకె ఇక్కడ పెట్టండి, చూసి నాకు తోచింది చెప్తాను.